హాల్లో బటన్ నొక్కితే తోటలో నీళ్లు పడాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు ముగ్గురు స్నేహితులు కలిసి అనంతపురంలో బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ తయారు చేశారు. ఫోన్లో బటన్ నొక్కితే మోటారు ఆడుతుంది, నేల తడిసిందని తెలియగానే తనే ఆగిపోతుంది. వచ్చే నెల ఒక ఫంక్షన్ హాలు తీసుకుని, నూట యాభై మంది రైతులనూ డీలర్లనూ పిలిచి విడుదల చేయాలనుకుంటున్నారు. "యాపిల్ వాళ్ల కీనోట్ (కొత్త వస్తువులు చూపించే పెద్ద సభ) లాగా నల్ల తెర, లైట్లు పెట్టి గంటసేపు చేద్దామని ఒకడు, మన రైతుల దగ్గర అంత ఆర్భాటం ఎందుకని ఇంకొకడు. నిజంగా పని చేయించి చూపించాలా, వీడియో వేస్తే సరిపోతుందా అక్కా?" అని అడిగావు.

నేను ప్రొద్దుటూరు దాన్ని. బెంగళూరులో పదహారేళ్లు ఇలాంటి లాంచ్‌ల వెనకాల పనిచేశాను. స్టేజీ పక్కన చీకట్లో హెడ్‌సెట్ పెట్టుకుని "లైటు తగ్గించు, స్లైడు మార్చు, రెండో మైకు ఆన్ చెయ్" అని చెప్పేవాళ్లను షో కాలర్ అంటారు. ఆ పని నాది. ఫోన్లు, టీవీలు, స్కూటర్లు, ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లు, అన్నీ నా కళ్ల ముందే స్టేజీ ఎక్కాయి. అందుకే నా మాట మొదటే చెప్పేస్తున్నాను. పని చేయించే చూపించు. నల్ల తెర ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. నీ ప్రోగ్రాం మొత్తం ఒక్క నిమిషం కోసం జరుగుతుంది. హాల్లో నువ్వు బటన్ నొక్కాలి, ఎక్కడో తోటలో నీళ్లు పడాలి, నూట యాభై మందీ దాన్ని చూడాలి. మిగతాదంతా ఆ నిమిషానికి కాపలా.

ఇది కొత్త ఆలోచన కాదు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే పరిశోధకుడు దాదాపు వెయ్యి మంది కంప్యూటర్ నిపుణుల ముందు కూర్చుని 90 నిమిషాల పాటు తన పని చూపించారు. మౌస్‌ను లోకం మొదటిసారి చూసింది ఆ రోజే. ఒక మాట మీద నొక్కితే ఇంకో చోటికి పోవడం, దూరంగా ఉన్న మనిషి ముఖం తెర మీద చూస్తూ ఇద్దరూ ఒకే పత్రం దిద్దడం కూడా అందులో ఉన్నాయి. అది అమ్మకానికి పెట్టిన సరుకు కాదు, పరిశోధన మాత్రమే. కానీ నీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. ఆయన వాడిన కంప్యూటర్ ఆ హాల్లో లేదు. దాదాపు 30 మైళ్ల దూరంలో మెన్లో పార్క్‌లో ఉంది. మధ్యలో మైక్రోవేవ్ లింకులు వేసి, అటువైపు మనుషుల్ని పెట్టి, కెమెరాలు పెట్టి నడిపించారు. నువ్వు అనంతపురం హాల్లో ఉండి గార్లదిన్నె దగ్గర చీనీ (బత్తాయి) తోటలో మోటారు ఆడించడం కూడా అచ్చం అలాంటి పనే. ఆ రోజు అది నడిచిందంటే కారణం అటువైపు ఉన్న మనుషులు. నీ తోట వైపు ఉండాల్సిన మనిషి సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

ఇక యాపిల్ గురించి. 2007 జనవరి 9న ఆ కంపెనీ అధినేత స్టీవ్ జాబ్స్ ఐఫోన్ చూపించిన వీడియో మీరు చూసే ఉంటారు. చాలామంది అందులో ఆయన నల్ల చొక్కా, స్లైడ్ల మీద తక్కువ మాటలు చూసి అవే నేర్చుకుంటారు. మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకు నేను చూపించే చోటు వేరు. ఫోను బయటికి తీయకముందే ఆయన అప్పటి స్మార్ట్‌ఫోన్లు నాలుగు తెర మీద పెట్టారు. వాటి కింది సగమంతా ప్లాస్టిక్ బటన్లే, ఏ పనికైనా అవే బటన్లు, కొత్త ఆలోచన వచ్చినా వాటిని మార్చలేరు అని వివరించారు. లోటు ముందు తెలిసింది, వస్తువు ఆ తర్వాత వచ్చింది. మన వాళ్లు చేసే లాంచ్‌ల్లో మొదటి ఇరవై నిమిషాలూ కంపెనీ ఎప్పుడు పెట్టారు, ఎవరెవరు సాయం చేశారు అన్నదానికే పోతాయి. జ్యోతి వెలిగించడం, శాలువాలు, అతిథుల ప్రసంగాలు అయ్యేసరికి జనం భోజనాల వైపు చూస్తుంటారు. సన్మానాలు తప్పనిసరైతే చివర్లో పెట్టుకోండి.

నీ స్టార్టర్‌కు ఆ లోటు ఏమిటో నువ్వు కష్టపడి వెతకక్కర్లేదు, హాల్లో కూర్చున్న ప్రతి మనిషికీ అది తెలుసు. రాత్రి కరెంటొస్తే టార్చి పట్టుకుని గట్టు మీద నడిచి పోవాలి, పాము ఉందో లేదో తెలియదు. తడి చేతులతో స్టార్టర్ బాక్సు ముట్టుకోవాలంటే భయం. ఒక ఫేజ్ పోయింది తెలియక మోటారు కాలిపోతే దాన్ని బోరులోంచి పైకి తీయించి, వైండింగ్ చేయించి, మళ్లీ దించేసరికి ఎంత ఖర్చో, ఈలోగా చెట్లు ఎంత ఎండుతాయో వాళ్లకు నువ్వు చెప్పక్కర్లేదు. ఆ రాత్రి నడక గురించి మీ ముగ్గురిలో ఎవరి నాన్నకు బోరు ఉందో వాళ్లు మాట్లాడాలి. రాసుకుని చదవద్దు. అయిదు నిమిషాలు చాలు.

ఇప్పుడు నేను ఎక్కువగా చెప్పాలనుకున్న విషయానికి వస్తాను, ఎందుకంటే నీ ప్రశ్నలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2007లో జాబ్స్ చేతిలో ఉన్న ఫోను నిజానికి ఇంకా పూర్తి కాలేదు. అక్కడ పనిచేసిన ఇంజనీర్లే తర్వాత బయటపెట్టిన సంగతి ఇది. పాట కొంతసేపు వచ్చేది, మొత్తం వినిపించబోతే ఫోను ఆగిపోయే ప్రమాదం ఉండేది. ముందు మెయిల్ పంపి ఆ తర్వాత ఇంటర్నెట్ చూస్తే పనిచేసేది, వరుస తిరగేస్తే తిప్పలు. ఏ వరుసలో చేస్తే ఆగకుండా నడుస్తుందో కనిపెట్టి, ఆ వరుసలోనే రోజుల తరబడి సాధన చేశారు. మెమరీ నిండితే మార్చుకోవడానికి స్టేజీ మీద వేరే ఫోన్లు పెట్టుకున్నారు. ఇంకో పని కూడా చేశారు. అసలు సిగ్నల్ ఎంత ఉన్నా తెర మీద మాత్రం అయిదు గీతలూ నిండుగా కనిపించేలా ముందే ప్రోగ్రాం రాసిపెట్టారు.

ఇందులో వరుస పెట్టుకోవడం, అదనపు ఫోన్లు ఉంచుకోవడం సాధన కిందికి వస్తాయి. గాయకుడు కచేరీకి ముందు శ్రుతి చూసుకున్నట్టే. సిగ్నల్ గీతలు మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. ఫోను జూన్ 29న అమ్మకానికి వచ్చేసరికి స్టేజీ మీద చూపించిన పనులు కొన్నవాళ్ల చేతుల్లో నడిచాయి కాబట్టి లోకం దాన్ని తప్పుపట్టలేదు. కానీ అది తప్పే. చూసేవాడు నమ్మేది కంటికి కనిపించినదాన్ని. కనిపించేదాన్నే మార్చేస్తే వాడి నమ్మకంతో ఆడుకున్నట్టే.

మా కడప జిల్లాలో సురభి అని ఒక ఊరుంది. 1885లో ఆ ఊళ్లో మొదలైన నాటక సమాజం తరతరాలుగా స్టేజీ మీద మాయలు చేస్తోంది. మనుషులు గాల్లోకి లేస్తారు, కళ్లు మూసి తెరిచేలోగా అడవి పోయి రాజదర్బారు వస్తుంది. చిన్నప్పుడు చూసి ఆ రాత్రంతా నిద్రపోలేదు. నాకు స్టేజీ పిచ్చి పట్టింది అక్కడే. అయితే నాటకానికి టికెట్టు కొన్నవాడికి అది మాయ అని తెలుసు, ఆ మాయ కోసమే వస్తాడు. లాంచ్‌కు వచ్చినవాడు అలా రాడు. ఇది నా పొలంలో పనిచేస్తుందా అని చూడటానికి వస్తాడు, చూసి జేబులోంచి డబ్బు తీస్తాడు. ఒకే స్టేజీ, అవే లైట్లు, అవే తెరలు అయినా ఈ తేడా మరిచిపోయిన కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. 2023 డిసెంబర్‌లో గూగుల్ తన జెమినై అనే ఏఐ (కృత్రిమ మేధ) గురించి ఒక వీడియో విడుదల చేసింది. మనిషి చేతులతో ఏదో చేస్తుంటే, మాట్లాడుతుంటే అది అప్పటికప్పుడు చూసి జవాబిస్తున్నట్టు ఉంది అందులో. తర్వాత గూగులే ఒప్పుకుంది, కదలని బొమ్మలు ఇచ్చి, ప్రశ్నలు టైపు చేసి రాబట్టిన జవాబులవి అని, వేగంగా కనిపించేందుకు సమయం కత్తిరించామని. ఆ సాంకేతికత నిజంగానే గొప్పది. అయినా ఆ వారమంతా జనం మాట్లాడుకున్నది వీడియో గురించే.

కాబట్టి వీడియో వేస్తే సరిపోతుందా అన్నదానికి నా జవాబు, మీకు సరిపోదు. యాపిల్ 2020 జూన్ నుంచి తన కార్యక్రమాలను ముందే చిత్రీకరించి వేస్తోంది. కరోనాతో మొదలైన అలవాటు అది. వాళ్లకు చెల్లుతుంది, ఎందుకంటే వాళ్ల వస్తువు కొద్ది రోజుల్లోనే దుకాణంలో కనిపిస్తుందని జనానికి అనుభవం ఉంది. మీ పేరే ఇంకా ఎవరూ వినలేదు. యూట్యూబ్‌లో రోజుకు పది వ్యవసాయ వీడియోలు చూసే రైతుకు పదకొండోది చూపించి ఒప్పించలేరు.

చేయలేనిది చెప్పవద్దు అన్నది కూడా ఇందులోనే ఉంది. 2017 సెప్టెంబర్‌లో యాపిల్ ఎయిర్‌పవర్ అని ఒక చార్జింగ్ పలకను స్టేజీ మీద చూపించింది. మూడు వస్తువులు ఒకేసారి దాని మీద పెట్టి చార్జ్ చేసుకోవచ్చన్నారు. 2019 మార్చిలో దాన్ని తయారు చేయలేమని రద్దు చేసుకున్నారు. అంత పెద్ద కంపెనీ తట్టుకుంది. మీ ప్రశ్నలో "త్వరలో ఎరువు కూడా తనే వదులుతుందని చెబుదామనుకుంటున్నాం" అని ఒక వాక్యం ఉంది. దాన్ని కొట్టెయ్యి. అది విన్న డీలరు ఇప్పటిది కొనడు, ఎరువు వదిలేది వచ్చాకే కొందాం అనుకుంటాడు. అది అనుకున్న టైముకు రాకపోతే మన మార్కెట్లో మాట ఎంత వేగంగా పాకుతుందో నీకు తెలుసు.

ఇప్పుడు నా అనుభవం ఒకటి. దాదాపు పదేళ్ల కిందట ఒక చిన్న కంపెనీ ఫోనుతో తెరుచుకునే ఇంటి తాళం తయారు చేసింది. బెంగళూరులో ఒక హోటల్ హాలు, నాలుగు వందల మంది. స్టేజీ మీద నిజమైన తలుపు ఒకటి నిలబెట్టాం. ముందు రోజు రాత్రి ఖాళీ హాల్లో పదకొండు సార్లు రిహార్సల్ చేస్తే పదకొండు సార్లూ తెరుచుకుంది. మర్నాడు జనం నిండాక తెరుచుకోలేదు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. తలుపు ముందు నిలబడిన ఆ అబ్బాయి చెయ్యి వణకడం పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తోంది. కెమెరా అతని చేతి మీద నుంచి తప్పించమని చెప్పాల్సింది నేను. నాలుగైదు సెకన్లు నాకు నోరు రాలేదు. ఆ సెకన్లు ఇప్పటికీ గుర్తున్నాయి.

కారణం తర్వాత తెలిసింది. వైఫై, బ్లూటూత్ రెండూ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను మనిషి ఒంట్లోని నీరు పీల్చుకుంటుంది. నాలుగు వందల మంది కూర్చుంటే అదొక గోడ లాంటిదే. పైగా ఒక్కొక్కరి దగ్గర ఫోను, అన్నీ ఒకే దారిలో అరుస్తుంటాయి. ఖాళీ హాల్లో చేసిన రిహార్సల్‌కు అర్థమే లేకుండా పోయింది. జాబ్స్ అంతటివారికే 2010 జూన్‌లో ఐఫోన్ 4 చూపిస్తున్నప్పుడు ఇదే జరిగింది. పేజీలు తెరుచుకోలేదు. ఈ గదిలో 570 వైఫై కేంద్రాలు నడుస్తున్నాయి, మీవి ఆపేయండి అని ఆయన జనాన్ని అడగాల్సి వచ్చింది.

నీ హాల్లో నూట యాభై మంది ఫోన్లు ఒకే టవర్‌ను పట్టుకుంటాయి. అందుకని నువ్వు బటన్ నొక్కే ఫోనును హాలు సిగ్నల్ మీద వదలొద్దు. ఆ రోజుకు హాల్లోకి బ్రాడ్‌బ్యాండ్ కేబుల్ లైను వేయించుకో. దానికి పెట్టే వైఫై రూటరు నీ చేతికి రెండడుగుల దూరంలో, స్టేజీ మీదే ఉండాలి, దాని పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. తోట నుంచి వీడియో వచ్చే ల్యాప్‌టాప్‌ను ఆ లైనుకు వైరుతోనే కలుపు. ఫంక్షన్ హాళ్లలో కరెంటు పోతే జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్లు పడుతుంది, ఆ కాస్త చాలు రూటరు ఆరిపోయి మళ్లీ లేవడానికి రెండు నిమిషాలు తీసుకోవడానికి. రూటరుకూ ప్రొజెక్టరుకూ యూపీఎస్ పెట్టు.

తోట వైపు పని ఇంకా ముఖ్యం. మొదట లైన్‌మన్‌ను కలిసి ఆ ఫీడరుకు, అంటే తోటకు కరెంటిచ్చే లైనుకు, ఆ రోజు త్రీ ఫేజ్ ఏ వేళకు ఉంటుందో కనుక్కుని, దాన్ని బట్టి ప్రోగ్రాం టైము పెట్టుకో. చాలామంది హాలు టైము చూసి తోటను సర్దుకుంటారు, అది తలకిందులు. బోరు దగ్గర మీ ముగ్గురిలో ఒకరు ఉండాలి. స్టేజీ ఎక్కాలని అందరికీ ఉంటుంది, కానీ అసలు బాధ్యత బోరు దగ్గర ఉన్నవాడిదే. వాడి చేతిలో రెండు ఫోన్లు, వేర్వేరు కంపెనీల సిమ్ములతో. ఒకటి కెమెరాకు, ఇంకొకటి నీతో మాట్లాడేందుకు. తోటలో ఏ కంపెనీ సిగ్నల్ బాగుందో ముందే తిరిగి చూసుకో. పది అడుగులు జరిగితే మారిపోయే చోట్లు మన దగ్గర చాలా ఉన్నాయి.

బోరు లోతును బట్టి, నొక్కిన తర్వాత నీళ్లు పైపులోంచి రావడానికి కొంత సమయం పడుతుంది. ఎన్ని సెకన్లో వాచీ పెట్టి కొలుచుకో. దానికి వీడియో ఆలస్యం ఇంకో రెండు మూడు సెకన్లు కలుపు. ఆ నిశ్శబ్దం స్టేజీ మీద ఉన్నవాడికి చాలా పెద్దగా అనిపిస్తుంది, టెన్షన్‌లో మళ్లీ బటన్ నొక్కేస్తాడు. మళ్లీ నొక్కితే మోటారు ఆగిపోతుంది. ఇది జరగకుండా నొక్కగానే ఫోను బల్ల మీద పెట్టేసి, తెర మీద ఆంపియర్లు చూపించు. సున్నా నుంచి అంకె పైకి లేవడం చూస్తే రైతుకు మోటారు అందుకుందని అర్థమైపోతుంది. "ఇప్పుడు నీళ్లు పైకి వస్తున్నాయి" అని చెప్పి, ఊరుకో. నీళ్లు పడేదాకా ఏమీ మాట్లాడొద్దు. నీళ్లు పడ్డాక కూడా కాసేపు మాట్లాడొద్దు. చప్పట్లు వాటంతట అవే వస్తాయి. రిహార్సల్ పేరుతో మోటారును వెంటవెంటనే ఆన్ ఆఫ్ చేయొద్దు, మధ్యలో చల్లబడనివ్వు.

షోలో వాడే స్టార్టర్, ఫోను, రిహార్సల్‌లో వాడినవి కాక వేరేగా సిద్ధం చేసి పరీక్షించి బీరువాలో పెట్టు. 2017లో యాపిల్ ముఖం చూసి తెరుచుకునే ఫోను చూపించినప్పుడు మొదటి ఫోను తెరుచుకోక పాస్‌కోడ్ అడిగింది. స్టేజీ మీదున్న యాపిల్ అధికారి క్రెయిగ్ ఫెడరిగీ కంగారు పడకుండా పక్కనున్న రెండో ఫోను తీసి పని కానిచ్చారు. స్టేజీ సర్దేటప్పుడు వేరేవాళ్లు దాన్ని పట్టుకున్నారు, అది వాళ్ల ముఖాలు చూసి చూసి చివరికి పాస్‌కోడ్ అడిగింది అని కంపెనీ తర్వాత వివరించింది. చివరి గంటలో నీ పరికరాన్ని మామయ్య కొడుకు కూడా ముట్టుకోకూడదు. ఆ ఫోన్లో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపు, వాట్సాప్ తీసెయ్యి.

అన్నీ చేసినా ఆగిపోవచ్చు. ఆగిపోతే దాచకు. 1998లో స్టేజీ మీద బిల్ గేట్స్ కళ్ల ముందే విండోస్ 98కి స్కానర్ కలపగానే కంప్యూటర్ ఆగిపోయి తెర నీలంగా మారిపోయింది. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు, రెండు నెలలకు అది అమ్మకానికి వచ్చి బాగానే అమ్ముడైంది. మీది ఆగితే కారణం ఇదీ అని చెప్పి, హాల్లోనే రెండో స్టార్టర్‌తో చిన్న మోటారు తిప్పి చూపించు. ఆ చిన్న మోటారు, నీళ్ల డ్రమ్ము స్టేజీ మూల ముందే సిద్ధంగా ఉండాలి.

స్లైడ్ల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పది దాటకుండా చూసుకో, చివరి వరుసలో కూర్చున్న పెద్దాయన చదవగలగాలి. ఒకటి మాత్రం మరిచిపోవద్దు, హాలు వాళ్ల ల్యాప్‌టాప్‌లో మన తెలుగు ఫాంటు లేకపోతే ఒత్తులు, గుడింతాలు చెల్లాచెదురవుతాయి. నీ సొంత ల్యాప్‌టాప్ తీసుకెళ్లు, స్లైడ్లను బొమ్మలుగా మార్చి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకో.

ధర ఎప్పుడు చెప్పాలి అన్నదాని మీద పెద్ద కంపెనీల పద్ధతి నీకు పనికిరాదు. 2017 జూలైలో ముకేశ్ అంబానీ జియోఫోన్‌ను అది చేసే పనులన్నీ చూపించాక, వాస్తవ ధర సున్నా అని ప్రకటించి, ఆ తర్వాత 1,500 రూపాయల డిపాజిట్ మూడేళ్లకు తిరిగిస్తామన్నారు. అంత పెద్ద మాట చేతిలో ఉన్నప్పుడు ఆపి చెబితే బాగుంటుంది. మన రైతు ధర తెలిసేదాకా మిగతాది వినడు. లోపల లెక్క వేసుకుంటూ కూర్చుంటాడు. నీళ్లు పడిన వెంటనే ధర చెప్పెయ్యి. ఆ వెంటనే, చెడిపోతే ఎవరు వస్తారు, ఎన్ని రోజుల్లో వస్తారు అన్నది చెప్పు. మన ప్రాంతంలో డ్రిప్పు పైపుల నుంచి సోలార్ పంపుల దాకా అమ్మినవాడు మళ్లీ కనిపించక దెబ్బతిన్నవాళ్లు ఆ హాల్లో తప్పకుండా ఉంటారు. సర్వీసు చేసే అబ్బాయిని స్టేజీ మీదికి పిలిచి, పేరు చెప్పి, నంబరు తెర మీద పెట్టండి. ఇది ఏ కీనోట్‌లోనూ ఉండదు, కానీ మీ గంటలో ఇదే రెండో ముఖ్యమైన నిమిషం.

గంట కూడా వద్దు, నలభై నిమిషాల్లో ముగించండి. భోజనాల దగ్గర ఒక బల్ల వేసి, చిన్న మోటారుకు కలిపిన స్టార్టర్ పెట్టి, వచ్చిన ప్రతి రైతు చేతా తన ఫోనుతోనే బటన్ నొక్కించు. ఒకరు నొక్కుతుంటే పక్కవాళ్లు అడిగే ప్రశ్నలన్నీ ఒక పుస్తకంలో రాసుకో. ఆ బల్ల దగ్గర జీతానికి పెట్టిన మనిషిని కాదు, నిన్నే నిలబడమంటాను. తేదీ ఖాయం కాగానే ఇక్కడే రాయి. రిహార్సల్ రోజుకు వీలు చూసుకుని వస్తాను, తోట వైపు నేను నిలబడతాను.